మాటల్లో పెద్దపీట ఎవరికి?

చికాకోల్ అనే ఊరు ఎక్కడుందో చెప్పగలరా? పోనీ, బిమ్లిపటాం? కాలింగపటాం? ఇవేవో సముద్రాల కవతలి దీవులనుకునేరు! మొదటిది మన శ్రీకాకుళం. రెండోది భీమునిపట్నం. మూడోది వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నం. దొరల కాగితాల్లో మన ఊళ్ళు ఎక్కిన పేర్లివి.

శ్రీకాకుళం సంగతి కొంచెం వేరనుకోండి. నిజాం ఏలుబడిలోనే ఉత్తర సర్కారుల్లో ఒకదానికి 'చికాకోల్ సర్కారు' అన్న పేరుండేది. ఇంగ్లీషువాళ్ళు వచ్చి ఆ పేరునే అందుకున్నారు. మిగతావి మాత్రం పడవలెక్కి వచ్చిన పరదేశీయుల నోళ్ళలో పడి నలిగినవే. విజయనగరం వాళ్ళ రాతలో 'విజియానాగ్రాం' అయింది. 'జయ' అన్న రెండక్షరాలు కలిసిపోయి 'జియా' అయ్యాయి. 'నగరం'లో నడిమి అక్షరం గుటుక్కుమని గొంతులోకి జారిపోయింది. విశాఖపట్నం 'వైజాగపటాం' అయి, చివరికి రెండే రెండు ముక్కలతో 'వైజాగ్'గా మిగిలింది. ఇవాళ మనం కూడా ముద్దుగా అలాగే అంటున్నాం.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నదేమిటంటే, ఇలా మన పేర్లను విరిచిన దొరల్ని చూసి ఎవరూ నవ్వలేదు. వాళ్ళ మాటల్ని మనం విరిస్తే మాత్రం నూటయాభై ఏళ్ళుగా నవ్వులాటే! 'ఇస్కూలు' అంటే నవ్వు. 'టేసను' అంటే నవ్వు. ఇంగ్లీషు బడికెళ్ళే ఏడేళ్ళ పిల్ల వాళ్ళమ్మని ఆపి, "అలా కాదమ్మా" అంటే, ఆ తల్లి మొహం ఎలా చిన్నబోతుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అందుకే అసలు ఇంగ్లీషు మాట ఎక్కడ విరుగుతుంది, మనం దాన్ని ఎక్కడ విరుస్తాం, ఈ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చింది అని కాస్త వెనక్కి వెళ్ళి చూద్దామనిపించింది.

మన తెలుగు మాట పంక్తిభోజనం లాంటిది. వరసగా విస్తళ్ళు వేసి, ప్రతి అక్షరానికీ దానికి రావలసిన వడ్డన చేసేస్తాం. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, పొడుగు దానికి రెండు. అంతే తప్ప, ఒకరికి పులిహోరా మరొకరికి మజ్జిగనీళ్ళూ అన్న తేడా లేదు. మన గురువులూ లఘువులూ, యమాతారాజభానసలూ అన్నీ ఈ వడ్డన లెక్కలే. 1827లోనే సి.పి. బ్రౌను దొర తెలుగు, సంస్కృత ఛందస్సుల్ని ఇంగ్లీషులో వివరిస్తూ మద్రాసులో పుస్తకం అచ్చువేశాడంటే, ఈ లెక్క ఆయనకెంత వింతగానూ ఎంత అందంగానూ కనిపించిందో ఊహించుకోవచ్చు.

ఇంగ్లీషు మాట అలా కాదు. అది పెళ్ళివారి విడిది. అక్కడ పెద్దపీట ఒక్కటే, అది వియ్యపురాలికే. మర్యాదంతా ఆవిడకి జరుగుతుంది. మిగతా చుట్టాలు ఏ గోడవారనో సర్దుకోవాలి. మాటలో ఒక్క ముక్క మీద ఊని, గట్టిగా, పొడుగ్గా, కాస్త గొంతెత్తి పలుకుతారు. తక్కిన ముక్కల్ని గొణిగినట్టు పలికేసి దాటుకుపోతారు. భాషాశాస్త్రం చదివినవాళ్ళు దీన్నే 'ఊనిక' అంటారు. మన ఊళ్ళ పేర్లలో అక్షరాలు మాయమైంది ఇక్కడే. ఎవరో ఒక్కరికే పెద్దపీట వెయ్యడం అలవాటైన నాలుక, అందరికీ సమంగా వడ్డించే మాటని ఎలా పట్టుకుంటుంది? మన నాలుక ఇబ్బందీ అదే, తిరగేసి. మర్యాద తక్కువైన అక్షరం మనకి కనిపించదు. అందరికీ విస్తళ్ళు వేసేస్తాం. చాలకపోతే మాట చివర ఒక 'ఉ'కారాన్ని కూడా పిలిచి కూచోబెడతాం. బస్ 'బస్సు' అయిందీ, కార్ 'కారు' అయిందీ ఇలాగే.

ఒక మాట మొదట్నుంచీ ఒకే రూపంలో ఉండిపోతే, పీట ఎక్కడుందో బట్టీ పట్టెయ్యొచ్చు. అసలు చిక్కు పొడుగు మాటలతోటి. మాటకి ముందు ఉపసర్గో, వెనక ప్రత్యయమో వచ్చి అతుక్కోగానే ఇంగ్లీషులో పీట చోటు మారిపోతుంది. ఫొటోగ్రాఫ్ అన్నప్పుడు ఊనిక మొదటి ముక్క 'ఫో' మీద. ఫొటోగ్రఫీ అనగానే అది రెండో ముక్క మీదికి గెంతి, దాదాపు 'ఫటాగ్రఫీ' అన్నట్టు వినిపిస్తుంది. ఫొటోగ్రాఫిక్ అంటే మూడో ముక్క 'గ్రా' మీదికి పోతుంది. ఒకే ఇంటి మాటలు మూడు, వియ్యపురాళ్ళు ముగ్గురు! ఊనిక వదిలేసిన అచ్చు కూడా మునుపటిలా ఉండదు. నీరసపడి, ఆ కాకుండా ఓ కాకుండా మూలుగులా తయారవుతుంది. స్పెల్లింగు చూస్తే మాత్రం అదే ఓ, అదే ఏ. కళ్ళతో చదివేవాళ్ళకి ఈ నాటకం ఎలా తెలుస్తుంది చెప్పండి?

దీని వెనక చరిత్ర ఉంది. ఇంగ్లీషు పాతకాలపు జర్మనీ జాతుల భాష. వాళ్ళ సొంత మాటల్లో ఊనిక చాలామటుకు మొదట్లోనే, ధాతువు మీదే కుదురుగా కూచునేది. 1066లో నార్మనులు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు, వాటి వెనక లాటినూ గ్రీకూ మాటలు మూటాముల్లెతో దిగాయి. వాటి పీటల లెక్క వేరు. దాంతో ఒకే ఇంట్లో రెండు ఆచారాలు నడవడం మొదలైంది. పుట్టింటి ప్రత్యయాలు, అంటే నెస్, ఫుల్, లీ, ఇంగ్ లాంటివి ఎన్ని వచ్చి చేరినా ఊనిక కదలదు. హ్యాపీలోనూ, హ్యాపీనెస్‌లోనూ మొదటి ముక్కే పెద్ద. అత్తింటి ప్రత్యయాలు వచ్చాయంటే మాత్రం పీటలు కదులుతాయి. మాట 'షన్' తోనో, 'ఇక్' తోనో, 'ఇటీ' తోనో ముగిస్తే సాధారణంగా ఆ ప్రత్యయానికి సరిగ్గా ముందున్న ముక్క మీదే ఊనిక. ఎగ్జామిన్‌లో రెండో ముక్క మీద ఉన్నది, ఎగ్జామినేషన్‌లో 'నే' మీదికి వస్తుంది. ఎలెక్ట్రిక్‌లో 'లె' మీద ఉన్నది, ఎలెక్ట్రిసిటీలో 'ట్రి' మీదికి వస్తుంది. అరిత్మెటిక్, పాలిటిక్స్ లాంటి మొండిఘటాలూ ఉన్నాయనుకోండి. ఏ ఇంట్లో లేరు?

ఈ సూత్రాలు ఇంగ్లీషువాళ్ళందరికీ తెలుసనుకుంటే పొరపాటు. వాళ్ళకి తెలిసింది పలకడం ఒక్కటే, మన అమ్మమ్మలకి సంధిసూత్రాలు తెలియకుండానే సంధులు వచ్చినట్టు. అమెరికాలో నోమ్ చామ్‌స్కీ, మోరిస్ హాలె అనే ఇద్దరు పండితులు ఈ ఊనిక లెక్కల్ని లోతుగా పట్టి పుస్తకంగా తెచ్చింది 1968లో!

ఇక మన వైపు చరిత్ర చూద్దాం. విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు బడి 1857లో పుట్టింది, 1879లో కాలేజీ అయింది. అగ్రహారాల పిల్లలు అక్కడికి చేరి ఇంగ్లీషు నేర్చారు. ఎలా నేర్చారు? చాలామంది అచ్చుపుస్తకంలోంచి, కళ్ళతో. దొర గొంతు వినే భాగ్యం ఎంతమందికి? పుస్తకంలో అక్షరాలుంటాయి, ఊనిక ఉండదు. అందుకని కనిపించిన అక్షరాలకల్లా విస్తళ్ళు వేశారు. గవర్నమెంటు అన్న మాటని 'గ-వ-ర్న-మెం-టు' అని వరసగా, నిండుగా, దేన్నీ నొప్పించకుండా పలికారు.

మరి బడి మొహం చూడనివాళ్ళు? వాళ్ళు చెవితో నేర్చారు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వేసినా, అంతకుముందే పెద్ద రైలు వచ్చినా, పొలం పనులు చేసుకునేవాళ్ళ చెవిన పడినవి మాటలే గాని స్పెల్లింగులు కావు. వాళ్ళు 'గౌర్మెంటు' అన్నారు. చిత్రమేమిటంటే, ఇంగ్లండులో మామూలుగా మాట్లాడుకునేవాళ్ళ నోట కూడా ఆ నడిమి 'న్' వినిపించదు, మొదటి ముక్క మీదే బరువంతా ఉంటుంది. అలాగే 'మున్సిపాల్టీ'. ఇంగ్లీషులో ఆ మాటకి ఊనిక 'పా' మీద, దాని వెనకున్న 'లి' నీరసం. మనవాళ్ళు సరిగ్గా 'పా'కి దీర్ఘమిచ్చి, 'లి'ని మింగేశారు. 'టేసను' కూడా అంతే, బరువు ఉండవలసిన 'టే' మీదే ఉంది. అక్షరం ముక్క రాని ముసలమ్మకి పట్టుబడిన బరువు ఒక్కోసారి పట్టా పుచ్చుకున్న మనవడికి పట్టుబడలేదన్నమాట! మనం నవ్వింది ఎవర్ని చూసి?

బ్రౌను మాత్రం నవ్వలేదు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాల కోసం 1854లో విడిగా ఒక నిఘంటువే వేశాడు. జనం నోట్లో నలిగిన మాటని చెత్త అని పారెయ్యకుండా దాచుకోవడం అన్నమాట.

ఈ ఇంగ్లీషు మోజుని మన ప్రాంతంలో అందరికంటే బాగా పట్టుకున్నవాడు గురజాడ అప్పారావు. ఆయన చెవి మామూలు చెవి కాదు. 1883లో, కాలేజీ చదువు పూర్తికాకముందే, ఇంగ్లీషులో 'సారంగధర' కావ్యం రాస్తే, కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకున్నాడు. ఇంగ్లీషు పద్యం నడిచేది మాత్రల మీద కాదు, ఊనికల మీద. ఆ నడక లోపలి నుంచి తెలిసినవాడు కాబట్టే 1910లో తెలుగులో 'ముత్యాలసరాలు'కి కొత్త నడక కట్టగలిగాడేమో అని నాకనిపిస్తుంది.

1892లో విజయనగరంలో మొదట ఆడి, 1897లో అచ్చయి, 1909లో మళ్ళీ పెంచి రాసిన 'కన్యాశుల్కం'లో వెంకమ్మని గుర్తు తెచ్చుకోండి. కొడుకు ఇంగ్లీషు చదువుకి డబ్బు తగలేస్తున్నామని మొగుడు అగ్నిహోత్రావధాన్లు మండిపడుతూంటే, పుట్టింటివాళ్ళు తనకి పసుపుకుంకాల కింద ఇచ్చిన భూమి అమ్మి అయినా చదివిస్తానంటుంది ఆ ఇల్లాలు. తర్వాత, గురువూ శిష్యుడూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని ముచ్చట పడుతుంది. గిరీశమూ వెంకటేశమూ చంటిపిల్లల పద్యమూ, వాచకంలో వాక్యాలూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. తల్లి కడుపు నిండిపోతుంది.

మనం ప్రతిసారీ గిరీశాన్ని చూసి నవ్వుతాం. వెంకమ్మ వైపు చూశామా? ఆవిడ భూమి పందెం పెట్టి కొన్న వస్తువు అది. అది అసలో నకిలీయో తేల్చుకునే చెవి ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు. ఆ ఇంట్లో కొడుకుని ఇంగ్లీషు బడికి పంపారు. పెద్దకూతురు బుచ్చమ్మ విధవయి ఇంట్లో ఉంది. చిన్నకూతురు సుబ్బిని ముసలివాడికి బేరం పెట్టారు. ఇంగ్లీషు మోత ఎంత గొప్పగా వినిపించేదో, ఆ మోత వెనక ఎవరి నోరు మూసుకుపోయిందో గురజాడకి తెలుసు.

గురజాడ బాల్యస్నేహితుడు గిడుగు రామమూర్తి. 1863 ఆగస్టు 29న, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర పాఠాలు చెప్పుకునే మేష్టారు. కొండల మీంచి దిగివచ్చే సవరల మాటలు విని, ఆ భాష నేర్చుకోవాలనుకున్నాడు. దానికి లిపి లేదు, పుస్తకం లేదు. అంటే కళ్ళతో నేర్చే దారి మూసుకుపోయింది, మిగిలింది చెవి. సవర వచ్చినవాణ్ణి దగ్గర పెట్టుకుని, ఒక్కో ధ్వనీ విని, పలికి, రాసుకున్నాడు. ఆ భాషలో ఉపసర్గలూ ప్రత్యయాలూ చాలనట్టు, మాట నడుమ 'న'కారాన్ని దూర్చి క్రియని నామవాచకం చేసే పద్ధతి కూడా ఉంది. గొంతులో టక్కున ఆగిపోయే అచ్చులున్నాయి. అవన్నీ చెవితో పట్టి, 1931లో సవర వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు తెచ్చాడు.

ఇంకో విశేషం. మన వాడుకభాష ఉద్యమానికి నిప్పు రాజుకున్నది ఇంగ్లీషు పాఠం దగ్గరే! 1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే దొర మన వైపు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ఏ భాషనైనా ముందు వినిపించి, పలికించి, ఆ తర్వాతే పుస్తకం చేతికివ్వాలన్నది ఆయన పద్ధతి. అలాంటివాడికి తెలుగు పాఠం వింటే ఆశ్చర్యమేసింది. జనం మాట్లాడేది ఒకటి, బడిలో చెప్పేది ఒకటి, ఎందుకని? విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకి గురజాడనీ గిడుగునీ చూపించారు. ఆ నలుగురి చర్చల్లోంచి లేచిందే వ్యావహారిక భాషోద్యమం. భాష ముందు చెవిది, ఆ తర్వాతే కంటిది అన్న ఒక్క మాట మీద నిలబడ్డ ఉద్యమం అది. దాని ఫలితం తెలుగు అనుభవిస్తోంది. ఈ వ్యాసం మీరు చదవగలుగుతున్నారంటే అదే కారణం. కాని విచిత్రంగా, మన ఇంగ్లీషు పాఠం మాత్రం చాలా బడుల్లో కంటి పాఠంగానే ఉండిపోయింది.

"ఊనిక తప్పితే కొంపలేం మునిగాయి?" అంటారా? ఒకప్పుడు మునిగాయిట! త్వష్ట ఇంద్రుణ్ణి చంపే కొడుకు కోసం హోమం చేస్తూ 'ఇంద్రశత్రు' అన్న మాటలో స్వరం తప్పాడు. చివర ఉండవలసిన ఉదాత్తం మొదట పడింది. ఇంద్రుణ్ణి చంపేవాడు అన్న అర్థం పోయి, ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు అన్న అర్థం వచ్చింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే పోయాడు. వేదం చదివే ఇళ్ళల్లో పిల్లలకి ఈ కథ చెప్పి భయపెట్టేవారు. అంటే స్వరం అనేది మనకి తెలియని వింత కాదు. మాక్స్‌ముల్లరు ఋగ్వేదం రెండో ముద్రణ 1890-92లో నాలుగు సంపుటాలుగా వచ్చింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి డబ్బుతోనే. అందులో స్వరాల గుర్తులన్నీ ఉన్నాయి. మన ఊరి డబ్బుతో ఇంగ్లండులో మన స్వరాలు అచ్చయ్యాయి. వాళ్ళ స్వరాలు మాత్రం మన బడుల దాకా రాలేదు.

ఇంగ్లీషులోనూ అలాంటి మాటలున్నాయి. ప్రెజెంట్‌లో మొదటి ముక్క మీద ఊనితే బహుమతి, రెండో దాని మీద ఊనితే ఇవ్వడం. రికార్డూ అంతే, మొదట ఊనితే నామవాచకం, చివర ఊనితే క్రియ. హైదరాబాదులో 1958లో పెట్టిన కేంద్ర ఇంగ్లీషు సంస్థలో ఆర్.కె. బన్సల్ మన దేశపు ఇంగ్లీషు ఇతరులకి ఎంతమటుకు అర్థమవుతుందో పరీక్షించి 1969లో ఒక గ్రంథం వెలువరించారు. అర్థం కాకపోవడానికి ముఖ్యమైన కారణాల్లో మాటలో ఊనిక చోటు తప్పడం ఒకటని అందులో తేలింది. చూశారా? మన తెలివితక్కువా కాదు, మన నాలుక మందమూ కాదు. పీట చోటు తప్పడం, అంతే.

నాకు తెలిసిన ఒకావిడ ఉంది. శ్రీకాకుళం దగ్గర పల్లెలో పుట్టి, డిగ్రీ పాసై, విశాఖపట్నంలో కాపురముంటోంది. కూతురి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళి, నలుగురిలో 'డెవలప్‌మెంట్' అన్న మాట మొదటి ముక్క మీద ఊని పలికిందిట. ఊనిక 'వె' మీద ఉండాలి. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, మళ్ళీ ఆవిడ ఆ బడి గుమ్మం తొక్కలేదు. మొగుణ్ణే పంపుతోంది. ఒక్క ముక్క తేడాకి ఒక తల్లి తన పిల్ల చదువు గురించి అడిగే హక్కు వదులుకుంది. మా వైపువాళ్ళకి ఇది రెండో దెబ్బ కూడా. సినిమాలో నవ్వించాల్సి వస్తే శ్రీకాకుళం యాస పెడతారు. తెలుగు మాట్లాడితే యాసని నవ్వు, ఇంగ్లీషు మాట్లాడితే ఊనిక లేదని నవ్వు. మరి మాట్లాడేదెప్పుడు?

ఆవిడకి నేనొకటే చెప్పాను. ఇంగ్లీషులో అతి పొడుగు మాటగా పిల్లలు పందేలు వేసుకునేది 'యాంటీడిసెస్టాబ్లిష్‌మెంటేరియనిజం'. ఇరవై ఎనిమిది అక్షరాల స్పెల్లింగు, పలికేది పన్నెండు ముక్కలు. ఇంగ్లండులో చర్చికి సర్కారుతో ఉన్న సంబంధం తెంచకూడదనే వాదానికి పేరది. 'ఎస్టాబ్లిష్' అన్న ధాతువుకి ముందు రెండు, వెనక మూడు తగిలించారు, పెద్దపీట 'టే'కి వేశారు. అదేం బ్రహ్మవిద్యా? 'వెళ్ళలేకపోయినవాళ్ళందరికీ' అని నువ్వు రోజుకి నాలుగుసార్లు అంటావు. లెక్కపెట్టుకో, అదీ పన్నెండు అక్షరాలే. ఎక్కడా తడబడవు. ఎందుకంటే అది నువ్వు చెవితో నేర్చుకున్నావు.

పిల్లలకి చెప్పే దారీ ఇదే. పొడుగు మాట రాగానే భయపడకండి. ముందు ధాతువేదో పట్టుకోండి. తర్వాత ముందుకీ వెనక్కీ ఏం చేరాయో విడదీయండి. 'హార'కి ఆహార, విహార, సంహార, పరిహార అని ఉపసర్గలు చేర్చుకున్న జాతివాళ్ళం, మనకిది కొత్త కాదు. చివర షన్, ఇక్, ఇటీ ఉంటే దాని ముందు ముక్క మీద తొడ మీద తాళం వేస్తూ పలికించండి. మిగతా ముక్కల్ని ఆ దెబ్బకీ ఈ దెబ్బకీ మధ్య ఇరికించండి. సంగీతం నేర్చుకునేటప్పుడు మూడో కాలంలో స్వరాలన్నీ ఒక తాళం దెబ్బలో ఇమిడ్చినట్టే! అనుమానమొస్తే నిఘంటువు చూడండి. ఊనాల్సిన ముక్కకి ముందు పైన చిన్న గీత ఉంటుంది. ఇప్పుడైతే చేతిలో ఉన్న ఫోనే పలికి వినిపిస్తుంది, ఎన్నిసార్లడిగినా విసుక్కోదు.

ఇంతా చేసి, మన 'గౌర్మెంటు'నీ 'టేసను'నీ పారెయ్యమని కాదు. అవి తెలుగు మాటలైపోయాయి, బిమ్లిపటాం వాళ్ళ మాటయినట్టే. ఎవరి పంక్తిలో కూచున్నప్పుడు వాళ్ళ మర్యాద పాటిస్తే సరిపోతుంది. తెలుగులో అందరికీ విస్తరి, ఇంగ్లీషులో ఒకరికే పెద్దపీట. రెండూ తెలిసినవాళ్ళని చూసి నవ్వే ధైర్యం ఎవరికుంటుంది?

పాపం, వెంకమ్మకి ఈ కిటుకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పి ఉంటే గిరీశం నాటకం మొదటి పూటే కట్టేది!